బంతిపామా, జొన్నపామా?

'పాముకు పాలు పోసి పెంచినట్లు' అని మన వాళ్ళు ఒక మాట అంటారు. చేసిన మేలు మరిచి కాటు వేసే మనుషుల గురించి చెప్పేటప్పుడు వాడే మాట అది. పాపం, ఆ సామెత పుట్టించిన వారికి రెండు సంగతులు తెలిసినట్లు లేదు. పాముకు పాలు ఆహారం కాదు. పెంచిన వారినే కాటు వేయాలన్న పట్టుదల కూడా దానికి లేదు. ఈ రెండు సంగతులూ మేము గత రెండేళ్ళలో బాగా తెలుసుకున్నాం. ఎందుకంటే మా యింట్లో ఇప్పుడు ఒక పాము ఉంది.

ఈ మాట బయటపడినప్పటి నుంచి మన సంఘం మిత్రులు రెండు వర్గాలుగా చీలిపోయారు. కొందరు మా యింటికి భోజనానికి రావడం మానేశారు. మరికొందరు మాత్రం పక్కకు పిలిచి, "మా వాడు కూడా అదే గోల చేస్తున్నాడండీ, ఇంతకీ ఏ పాము కొనాలి?" అని రహస్యంగా అడుగుతున్నారు. ఈ రెండో వర్గం వారి కోసమే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాం. మొదటి వర్గం వారు చదివినా నష్టం లేదు, కాగితం మీది పాము కరవదు.

మా పెద్దవాడికి పదమూడేళ్ళు. బడిలో స్నేహితుడి యింట్లో పామును చూసి వచ్చినప్పటి నుంచి వాడికి వేరే ధ్యాస లేదు. కుక్కను పెంచుకోమన్నాం, వద్దన్నాడు. చేపలన్నాం, "చేపలను చేత్తో పట్టుకోలేం గదా" అన్నాడు. ఆ మాటకు మేమిద్దరం జవాబు వెతుక్కోవలసి వచ్చింది. మేము పుట్టి పెరిగినది పల్లెటూళ్ళలో. రాత్రిపూట పాము అని పేరు ఎత్తితే పెద్దవాళ్ళు కసిరేవారు, 'పురుగు' అనమనేవారు. కార్తీక మాసంలో నాగుల చవితినాడు అదే పురుగుకు పుట్ట దగ్గర పసుపూ కుంకుమా పెట్టి, పాలు పోసి దండం పెట్టేవారు. మర్నాడు గడ్డివాములో జెర్రిపోతు కనబడితే కర్రలు పట్టుకుని తరిమేవారు. భయమూ, భక్తీ, పగా మూడూ కలిసిన ఆ మనసుతోనే మేము ఈ దేశం వచ్చాం. ఇక్కడ పుట్టిన మా పిల్లలకు ఆ మూడూ లేవు. కుతూహలం ఒక్కటే ఉంది. దాన్ని భయపెట్టి చంపడం మాకు ఇష్టం లేకపోయింది.

ఈ దేశంలో పాములకు కొదవ లేదని పాఠకులకు చెప్పనక్కరలేదు. వానాకాలంలో మురుగుకాలవ లోంచి కొండచిలువ బయటకు వస్తే బొంబా వారికో, పౌర రక్షణ దళానికో కబురు పెట్టడం మనకందరికీ మామూలే. మలై వారు 'ఉలార్ సావా' అనే ఆ పెద్ద కొండచిలువ 6 మీటర్లు దాటి పెరగగలదు. బాగాన్ దాతుక్ కొబ్బరి తోటల్లో పుట్టి పెరిగిన మన పాతతరం తెలుగువారిని అడగండి, ఒక్కొక్కరి దగ్గర నాలుగేసి పాము కథలు ఉంటాయి. వాటిలో ఒక పెద్దాయన మాతో అన్న మాట మరువలేం: "తోటలో ఎలుకల లెక్క చూసేది పామే బాబూ. దాన్ని చంపిన ఏడు కాయలు ఎలుకల పాలే." పినాంగ్ వెళ్ళినప్పుడు బాయాన్ లెపాస్‌లోని పాముల గుడికి కూడా పిల్లల్ని తీసుకెళ్ళాం. అక్కడ కొమ్మల మీద కదలకుండా పడివుండే పచ్చని పాములు విషం గలవే. అగరు ధూపానికి మత్తెక్కి పడివుంటాయని చెబుతారు గాని, పగలంతా ఒకచోట కదలకుండా కూర్చుని రాత్రి వేట కోసం కాచుకోవడం ఆ జాతి స్వభావమట. ఆ గుడిలోనే మేమొక నిర్ణయానికి వచ్చాం. పాము వస్తే విషం లేనిదే రావాలి, ఈ దేశపు అడవిలో పట్టినది రాకూడదు, పెద్దయినా పిల్లవాడి చేతులకు లొంగేంతే ఉండాలి.

ఈ మూడు షరతులూ పెట్టి విచారిస్తే, లోకంలో కొత్తగా పాములు పెంచేవారు ఎక్కువగా కొనేవి రెండే అని తేలింది. ఒకటి బాల్ పైథాన్. రెండోది కార్న్ స్నేక్. మా యింట్లో వీటికి బంతిపాము, జొన్నపాము అని పేర్లు పడ్డాయి. ఈ వ్యాసంలోనూ అవే వాడతాం.

బంతిపాము కొండచిలువల కులానికి చెందినది, కాని ఆ కులంలో పొట్టిది. పశ్చిమాఫ్రికా, మధ్యాఫ్రికా గడ్డిమైదానాలు దాని పుట్టిల్లు. పెద్దదైతే మూడు నుంచి ఐదడుగులు. లావుగా, బరువుగా, నెమ్మదిగా ఉంటుంది. భయం వేస్తే తలను మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది, అందుకే ఆ పేరు. కాటుకు ముందు దాక్కోవడం దాని పద్ధతి. పెదవుల దగ్గర వేడిని పసిగట్టే గుంటలుంటాయి. కటిక చీకటిలో కూడా వెచ్చని ఎలుక ఎక్కడుందో వాటితో తెలుసుకుంటుంది. పగలంతా గూట్లో పడుకుని రాత్రి తిరుగుతుంది. తల్లిపాము గుడ్లు పెట్టి వాటిని చుట్టుకుని సుమారు రెండు నెలలు కాపలా కాస్తుందని చదివినప్పుడు, మా ఆవిడకు ఆ జాతి మీద కొంచెం గౌరవం కలిగింది.

జొన్నపాముది అమెరికా ఆగ్నేయ ప్రాంతం. మన జెర్రిపోతుకు దూరపు చుట్టం అనుకోవచ్చు, రెండూ ఒకే పెద్ద కుటుంబానికి చెందినవి. మొక్కజొన్న గాదెల దగ్గర ఎలుకల కోసం తిరుగుతుంది గనుక ఆ పేరు వచ్చిందని కొందరూ, పొట్టమీది నలుపు తెలుపు గళ్ళు రంగురంగుల మొక్కజొన్న గింజల్లా ఉంటాయి గనుక వచ్చిందని కొందరూ అంటారు. నారింజ రంగు మీద ఎర్రని మచ్చలతో చూడముచ్చటగా ఉంటుంది. పొడవులో ఇంచుమించు బంతిపాము అంతే గాని, నడుము సన్నం. పిల్లగా ఉన్నప్పుడు పెన్సిలంత. కదలిక ఎక్కువ, చేతిలో నిలవదు. ఒక వేలి మీదనుంచి ఇంకో వేలి మీదకు, అక్కడనుంచి చొక్కా చేతిలోకి పాకుతూనే ఉంటుంది.

మా పెద్దవాడు మొదటి రోజునుంచీ బంతిపాము పక్షం. ఒళ్ళో పెట్టుకుంటే కదలకుండా కూర్చుంటుందని వాడి వాదన. చిన్నది ఎర్రరంగు చూసి జొన్నపాము పక్షం చేరింది. ఊరినుంచి వచ్చి మాతో ఉంటున్న అత్తయ్యగారు ఏ పక్షమూ చేరలేదు. "కొలిచే దేవుణ్ణి పెట్టెలో పెట్టి తాళం వేస్తారటర్రా!" అని మాత్రం అన్నారు. మేమిద్దరం కాగితం తీసుకుని మధ్యలో గీత గీసి, రెండు వైపులా మంచీ చెడ్డా రాయడం మొదలుపెట్టాం. ఆ కాగితంలోని సారాంశమే ఇది.

మొదటిది వాతావరణం. చలిదేశాల వారు రాసిన పుస్తకాల్లో సగం పేజీలు పామును వెచ్చగా ఉంచడం ఎలాగో చెబుతాయి. మనకు ఆ సమస్య తక్కువ, దానికి ఎదురు సమస్యే ఎక్కువ. బంతిపాముకు పెట్టెలో ఒక మూల 31, 32 డిగ్రీలు, రెండో మూల 25, 26 డిగ్రీలు ఉండాలి. గాలిలో తేమ బాగానే ఉండాలి. అంటే మన కౌలాలంపూర్ గాలి దానికి దాదాపు పుట్టింటి గాలే. జొన్నపాముకు 28, 29 ఉన్న మూల చాలు, మిగతా పెట్టె ఇంకా చల్లగా ఉండాలి. 32 దాటి చాలాసేపు ఉంటే దానికి ప్రమాదం. పగలు తలుపులన్నీ మూసి మనం ఉద్యోగాలకు పోతే, పడమటి ఎండ తగిలే గది ఎంత ఉడుకుతుందో మీకు తెలుసు. ఈ లెక్కలో బంతిపాముకే మార్కులు. కాని రాత్రంతా శీతలయంత్రం నడిచే పడకగదిలో బంతిపామును పెడితే చలికి తిండి మానేయవచ్చు, ఊపిరితిత్తుల జబ్బు కూడా రావచ్చు. జొన్నపాము ఆ రాత్రి చల్లదనాన్ని ఓర్చుకుంటుంది. రెంటికీ వర్తించేది ఒకటుంది. మన తేమకు గాలి ఆడని పెట్టె తోడైతే పొట్టకింది పొలుసులు కుళ్ళుతాయి. గాలి ఆడేందుకు రంధ్రాలు, పొడిగా ఉండే పక్క, ఒక ఉష్ణమాపకం, ఈ మూడూ పాముకంటే ముందు కొనాలి.

రెండవది తిండి. ఇది మా యింట్లో అన్నిటికంటే పెద్ద చర్చ. మాది శాకాహార కుటుంబం. పాముల్లో శాకాహారి లేదు, ఒక్కటి కూడా లేదు. పెరుగన్నం అలవాటు చేద్దామన్న మా చిన్నదాని ప్రతిపాదన వీగిపోయింది. రెండు పాములకీ ఎలుకలే తిండి. ముందే చంపి గడ్డకట్టించినవి దుకాణాల్లో దొరుకుతాయి. వాటిని కరిగించి, వెచ్చబెట్టి, పొడవాటి పట్టకారుతో అందించాలి. బతికిన ఎలుకను వేస్తే ఎలుకకు హింస, అది తిరగబడి కొరికితే పాముకూ గాయం. జొన్నపాము పిల్లకు వారానికొక పసి చుండెలుక చాలు. పెద్దదయ్యాక పదిరోజులకో రెండువారాలకో ఒకటి. అది సాధారణంగా పేచీ పెట్టదు, చూపిస్తే పట్టుకుంటుంది. బంతిపాము అలా కాదు. ఇల్లు మారినా, వేడి తగ్గినా, ఏ కారణమూ లేకపోయినా తిండి మానేస్తుంది, ఒక్కోసారి నెలల తరబడి. ఆరోగ్యమైన పాముకు దానివల్ల ప్రాణభయం లేదంటారు. కాని కంచంలో అన్నం వదిలితేనే ఊరుకోలేని తల్లి ఉన్న ఇంట్లో, మూడు నెలలు ఉపవాసం చేసే జీవిని పెట్టుకుంటే ఎవరికి నిద్ర పడుతుంది?

ఎలుకల సంగతి అత్తయ్యగారికి చెప్పడానికి మేము వారం రోజులు ధైర్యం కూడగట్టుకున్నాం. ఆవిడ విని, "అది తినేది దాని ధర్మం నాయనా. పులి గడ్డి మేస్తుందా? కాని నా పెరుగు పెట్టుకునే పెట్టెలో మాత్రం ఆ ఎలుకలు వద్దు" అన్నారు. ఇంత న్యాయమైన తీర్పు మేము ఊహించలేదు. వెంటనే చిన్న శీతలపెట్టె ఒకటి విడిగా కొన్నాం.

మూడవది చట్టం. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన పాములను ఇంట్లో పెంచడానికి వీలులేదు. ఇక్కడ ద్వీపకల్ప మలేషియాలో 2010 నాటి వన్యప్రాణి పరిరక్షణ చట్టం ఉంది, 2022 సవరణతో శిక్షలు మరింత కఠినమయ్యాయి. సబాకు, సరావాక్‌కు వేరే చట్టాలున్నాయి. కొండచిలువ జాతులన్నీ సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం పట్టికల్లో ఉన్నాయి. అందుచేత బంతిపాము ఈ దేశంలోకి న్యాయంగా వచ్చిందని చూపే కాగితాలు ఉండితీరాలి. జొన్నపాము సైటీస్ పట్టికలో లేదు. అయినా ఏ పాము కొన్నా ముందుగా పెర్హిలితాన్ కార్యాలయంలో లైసెన్సు సంగతి అడిగి తెలుసుకోవాలి. వీసా కాగితాల మీద బతికే మనవంటి వారు కాగితం లేని పామును ఇంట్లో పెట్టుకోవడం బుద్ధిమంతుల లక్షణం కాదు. కొండోమినియంలో ఉండేవారికి ఇంకొకటి: 2013 నాటి స్ట్రాటా నిర్వహణ చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం, ఇరుగుపొరుగుకు ఇబ్బందిగాని ప్రమాదంగాని కలిగించే జంతువును ఇంట్లో ఉంచరాదు. మేము ముందుగానే భవన కార్యాలయంలో చెప్పి, పక్కింటివారిని పిలిచి పెట్టెకు వేసే తాళం చూపించాం. జొన్నపాము వేలు దూరే సందులోంచి కూడా జారిపోగలదు కనుక ఈ తాళం అలంకారం కాదు.

మేము వెళ్ళిన ఒక దుకాణంలో చక్కని బంతిపాము పిల్లను చూపించారు. ధర కూడా తక్కువే. కాగితాలడిగితే, "తర్వాత ఇస్తాం, ముందు తీసుకెళ్ళండి" అన్నారు. తింటుందా అంటే, "ఇంటికెళ్ళాక తింటుంది" అన్నారు. మా వాడి కళ్ళు అప్పటికే ఆ పాము మీద ఉన్నాయి. అయినా వాణ్ణి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశాం. దారిలో వాడు మాట్లాడలేదు. ఆఫ్రికాలో ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి వేలకొద్దీ బంతిపాములు ఏటేటా ఎగుమతి అవుతాయనీ, అక్కడి అడవుల్లో వాటి సంఖ్య గురించి శాస్త్రజ్ఞులు ఆందోళన పడుతున్నారనీ ఆ రాత్రి వాడికి చదివి వినిపించాం. పెంపకంలో పుట్టిన పిల్లలూ దొరుకుతాయి, వాటిని కొనడంలో తప్పులేదు. కాని పుట్టుక తెలియని దానిని కొంటే, మన ముచ్చట కోసం ఒక పుట్ట తవ్వినట్టే.

నాలుగవది ఆయుష్షు. నిజానికి ఇదే అన్నిటికంటే ముందు రాయవలసినది. జొన్నపాము మంచి పెంపకంలో 15, 20 ఏళ్ళు బతుకుతుంది. బంతిపాము 20, 30 ఏళ్ళు. అమెరికాలో సెయింట్ లూయీ జూలో 1961 నుంచి ఉన్న ఒక బంతిపాము, కనీసం 62 ఏళ్ళ వయసులో, దశాబ్దాలుగా మగపాము దగ్గరకు రాకపోయినా 2020లో గుడ్లు పెట్టింది! ఆ వార్త చదివి మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. మా ఉద్యోగపు అనుమతి రెండేళ్ళకొకసారి కొత్త చేయించుకోవాలి. ఎప్పుడు ఏ ఉత్తరం వస్తుందో, సింగపూరో, ఆస్ట్రేలియానో, హైదరాబాదో తెలియదు. సామాను అమ్ముకోవచ్చు, కారు అమ్ముకోవచ్చు. పామును విమానంలో తీసుకెళ్ళడం అనుమతుల మీద అనుమతులతో కూడిన పని, కొన్ని దేశాలకైతే అసాధ్యం. వదిలేద్దామా అంటే, అమెరికాలో ఫ్లోరిడా చిత్తడి అడవుల్లో పెంపుడు వ్యాపారం నుంచి తప్పించుకున్నవీ, జనం వదిలేసినవీ అయిన బర్మా కొండచిలువలు పిల్లాపాపలతో స్థిరపడి అక్కడి చిన్న జంతువులను ఎలా తినేశాయో లోకమంతా చూసింది.

ఇక్కడ మా సమస్య పాము సమస్య కాకుండా పోయింది. పదేళ్ళుగా ఈ దేశంలో ఉంటూ, వచ్చే ఏడు ఉంటామో లేదో అన్నట్టు బతుకుతున్నాం. గోడకు మేకు కొట్టాలన్నా ఆలోచన, మామిడి మొక్క నాటాలన్నా ఆలోచన. పిల్లవాడు అడిగింది పామునే గాని, వాడికి తెలియకుండానే ఇంకో ప్రశ్న అడిగాడు: మనం ఇక్కడ ఉంటామా, ఉండమా? దానికి మా దగ్గర జవాబు లేదు. జవాబు లేదని ఏ ప్రాణినీ దగ్గరకు తీయకుండా పిల్లల బాల్యం గడిపేయడమూ న్యాయం కాదనిపించింది. అందుకని మధ్యేమార్గం వెతికాం. పాము చావకుండా, కర్ర విరగకుండా అన్నమాట. మేము ఊరు విడిచి పోవలసివస్తే పామును తీసుకుంటామని ఇక్కడే పుట్టి పెరిగిన ఒక తెలుగు కుటుంబం వారు మాటిచ్చారు. వాళ్ళ తాతగారు బాగాన్ దాతుక్ తోటలకు వచ్చి, మళ్ళీ ఒడ్డు దాటలేదు. వాళ్ళ అమ్మాయికి జంతువులంటే ప్రాణం. ఆమె పెట్టిన షరతు ఒక్కటే: "కొండచిలువ అయితే వద్దంకుల్. జెర్రిపోతు చుట్టమైతే పరవాలేదు."

అలా తీర్పు జొన్నపాము వైపు మొగ్గింది. వాతావరణంలో బంతిపాముదే పైచేయి. నెమ్మదితనంలోనూ దానిదే. కాని తిండి, కాగితాలు, ఆయుష్షు, అన్నిటికంటే ముఖ్యంగా మా తరువాత దానికి దిక్కు, ఈ నాలుగింట్లో జొన్నపాము నెగ్గింది. మా పెద్దవాడు రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. మూడోరోజున కాగితం చూపించమని అడిగి, ఒక్కొక్క పంక్తీ చదివి, కింద తన సంతకం పెట్టాడు. తిండి పెట్టడం, పెట్టె శుభ్రం చేయడం వాడి పని. తాళం చూడడం మా పని.

పెంపకంలో పుట్టిన పిల్లను, మా కళ్ళముందు రెండుసార్లు ఎలుకను తిన్న తరువాతే తెచ్చుకున్నాం. ఇంట్లో అన్నిటికంటే చల్లని గదిలో, కిటికీకి దూరంగా, లోపలి గోడ పక్కన దాని పెట్టె ఉంది. తిన్నాక రెండు రోజులు ముట్టుకోం. కళ్ళు పాలరంగుకు తిరిగితే కుబుసం విడిచే రోజులొచ్చాయని వదిలేస్తాం. పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, ఎందుకంటే పైకి ఆరోగ్యంగా కనబడే పాముల ఒంటి మీద కూడా సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చు. ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇళ్ళలో పాములు వద్దని వైద్యులు చెప్పేది ఇందుకే. అటువంటి వారు ఇంకొన్నాళ్ళు ఆగండి, పాము ఎక్కడికీ పోదు.

అది మిమ్మల్ని ప్రేమిస్తుందా అని కొందరు అడుగుతారు. ప్రేమించదు. పిలిస్తే రాదు, తోక ఊపదు. మనం ప్రమాదం కాదని తెలుసుకుని మన చేతిమీద నడుస్తుంది, అంతే. బదులు ఏమీ ఆశించకుండా ఒక ప్రాణిని శ్రద్ధగా చూడడం మా వాడు దీనివల్ల నేర్చుకుంటున్నాడు. బడి మార్కుల పట్టికలో దానికి గడి లేదు గాని, మాకది చాలు. మొన్న మొదటిసారి కుబుసం ముక్కలవకుండా పూర్తిగా విడిచింది. అత్తయ్యగారు దాన్ని తెల్లకాగితం మీద పరిపించి, ఊళ్ళో చెల్లెలికి ఫోను చేసి, "మా యింట్లో కుబుసం విడిచిందే!" అని చెప్పారు. ఆ గొంతులో భయం లేదు.

కొనదలచిన వారికి చివరిగా మా మాట ఇదే. ముందు పెర్హిలితాన్‌ను అడగండి, తరువాత పెట్టె కొనండి, ఆ తరువాత పామును చూడండి. అన్నిటికంటే ముందు, మీరు లేనినాడు దాన్ని ఎవరు చూస్తారో ఒక పేరు కాగితం మీద రాసుకోండి. ఆ పేరు దొరికితే బంతిపామైనా సరే, జొన్నపామైనా సరే. దొరకకపోతే పిల్లల్ని నెలకొకసారి జూకు తీసుకెళ్ళడం మంచిది.